సామాన్లు ఐదూ ఉన్నాయి

నా కూతురు యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ ఆరు నెలలు హాస్టల్లో ఉంది. పోయిన ఏడాది అందరూ కలిసి ఉందామని తార్నాకలో ఇల్లు అద్దెకు తీసుకుంది. అల్లుడూ నేనూ మూడేళ్ల మనవరాలితో సికింద్రాబాద్‌లో రైలు దిగి సిటీ బస్సెక్కాం. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లోని ఒకావిడ పాపను అడిగి మరీ ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మేము వెనక్కి జరిగాం.

తార్నాకలో దిగగానే అలవాటు ప్రకారం డైరీ తీసి సామాన్లు లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి. చేతులు చాచి ఎదురొచ్చిన కూతురు ఆగిపోయింది.

"బాపూ, పాప ఏది?"

నేను దించుతానని అల్లుడు, అతను దించుతాడని నేను అనుకున్నాం. బస్సు అప్పటికే క్యాంపస్ వైపు వెళ్లిపోయింది. వెంటనే ఆటో ఎక్కాం. కూతురు నావైపు చూడలేదు.

క్యాంపస్‌లో మొదటి స్టాపులోనే ఆవిడ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది.

"ఇద్దరు మగోళ్లుండి, సంచులు మరువలే గని పిల్లను మరిచిండ్రు," అంది.

ఆరు నెలలుగా తల్లిని ఫోన్లోనే చూసిన పాప ఆమె మొహం తడిమి చూసింది. "అమ్మా, ఫోన్లకెళ్లి ఎప్పుడు దిగినవ్?"

డైరీలో ఆ పేజీ అలాగే ఉంది. ఐదు సామాన్లకు ఐదు టిక్కులు. పాప పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఏ ప్రయాణమైనా ముందు ఆ పేరు రాశాకే సంచుల సంగతి.