శెట్టిగారి ఇత్తడి గిన్నె

మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం నాగేశ్వర్లు శెట్టి ఎవరింటికి పోయినా, చేతికిచ్చిన గ్లాసు అడుగు చూడకుండా గుక్కెడు నీళ్లు తాగేవాడు కాదు. అడుగున కొట్టించిన పేరు తనదో, భార్య వసుంధరదో అయి ఉంటుందని ఆయన అనుమానం. ఖాళీ గ్లాసైతే బోర్లా తిప్పేవాడు. నిండుగా ఉంటే నెత్తి మీదికెత్తి, మెడ వెనక్కి వాల్చి, కింది నుంచి చదివేవాడు. ఆయన తెల్లచొక్కాల్లో కాఫీ మరక లేనిది కూతురు హైమావతి ఎన్నడూ చూడలేదు.

అనుమానానికి మూలం వసుంధరమ్మే. ఇంట్లో పులిహోర కలిపితే వీధికంతా గిన్నెల్లో పెట్టి పంపేది. పోయినవాటిలో సగం తిరిగొచ్చేవి కావు.

"ఊళ్లో అన్నం తినే ప్రతివాడూ మన సామాన్లలోనే తింటన్నాడే!" అని శెట్టి గుండెలు బాదుకునేవాడు.

"దుకాణం నిండా ఉండాయి గదా. అమ్ముకోలేక చస్తన్నారు గదా," అనేది ఆమె.

"అమ్మేది వేరు, పోయేది వేరు!"

హైమావతి పెళ్లిమాటలకు గిద్దలూరు పోయినప్పుడు, కాబోయే వియ్యపురాలు వెంకటసుబ్బులమ్మ కాఫీ తెచ్చిచ్చింది. శెట్టి అలవాటు ప్రకారం గ్లాసును రెండు చేతులతో పైకెత్తి, కళ్లు ఆకాశానికి పెట్టి, పెదవులు కదుపుతూ అక్షరాలు కూడబలుక్కున్నాడు. కాఫీని కూడా దేవుడికి చూపించి తాగే మనిషనుకుని వెంకటసుబ్బులమ్మ చెంపలు వేసుకుంది. ఇంత భక్తిపరుల ఇంటి పిల్లను వదులుకోవద్దని అప్పటికప్పుడే తాంబూలాలు మార్చుకున్నారు. ఆ భక్తి సంగతి హైమావతి అత్తగారికి ఇప్పటికీ విప్పి చెప్పలేదు.

శ్రీశైలం పోతూ దోర్నాల హోటల్లో ఆగినా ఇదే తంతు. బల్ల మీద గ్లాసులన్నీ బోర్లా తిప్పుతుంటే హోటలాయనకు ఒళ్లు మండింది.

"ఏంది శెట్టిగారూ, మీ గ్లాసు మార్కాపురం నుంచి నడిచి వచ్చిందా?"

"గ్లాసుకు కాళ్లుండవు నాయనా. తెచ్చేటోళ్లకుంటాయి."

వసుంధరమ్మ పోయాక ఈ పిచ్చి తగ్గుతుందని పిల్లలు ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, అంతా ఒక్క గిన్నె మీదికి చేరింది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నె కనబడకుండా పోయింది. తీసింది పలకల గనుల దారిలో ఉండే చెంచులక్ష్మే అని శెట్టి తేల్చేశాడు. గొర్రెలూ ఒక బర్రే పెట్టుకుని, గనిలో పలకలు కొట్టీ కొట్టీ దగ్గుతో మంచం పట్టిన మొగుడు నాగుల్ని సాకుతున్న మనిషి ఆమె. శెట్టి ప్రతి శనివారం సంచీ చంకన పెట్టుకుని ఆమె గడప ముందు నిలబడేవాడు.

"మా గిన్నె బయటపెడతావా లేదా?"

"ఇల్లంతా ఎతుక్కో పో, శెట్టన్నా!"

ఆయన లోపలికి పోయి వెతికేవాడు. ఇద్దరి అరుపులూ వీధంతా వినేది. గోడ అవతలి సంతోషమ్మ అయితే శనివారం పూట ఆ వేళకు పని పెట్టుకునేదే కాదు.

హైమావతికి తలకొట్టేసినట్టుండేది. ఫోన్ చేసి బతిమాలేది.

"నాయనా, ఆ గిన్నె పోతే పోనీ. నవ్వుతన్నారు."

"నవ్వనీలేమ్మా, ఖర్చేముంది?"

అట్లాగే ఒక శనివారం వెతికొచ్చి, ఆదివారం పొద్దున్న దుకాణంలో కూర్చున్న చోటే పోయాడు.

సంవత్సరీకానికి హైమావతి ముందురోజే మార్కాపురం వచ్చింది. నాయన తద్దినానికి పాయసం అమ్మ గిన్నెలోనే కాయాలని పట్టుబట్టింది. ఆ గిన్నె ఇంటికి చేరితే నాయన మాట నిజమైనట్టవుతుంది, ఊరి నవ్వులూ ఆగుతాయి.

"దుకాణంలో ఏదో ఒక గిన్నె తీసుకో అక్కా," అన్నాడు తమ్ముడు వీరాంజనేయులు. "నువ్వు కూడా నాయన లెక్క తయారైతన్నావు."

ఆమె వినలేదు. నేరుగా పలకల గనుల దారి పట్టింది.

చెంచులక్ష్మి వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తోంది. హైమావతిని చూడగానే చేతులు దులుపుకుని లోపలికి పోయి, తళతళ తోమిన ఇత్తడి గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. అడుగున చుక్కల అక్షరాలు: వసుంధర.

"అయితే నువ్వే తీసినావా అత్తా!"

"నేనేడ తీసినా? మీ నాయనే తెచ్చినాడు. మీ అమ్మ ఉన్నన్నాళ్లూ ఇంత పప్పో పులుసో పంపేది, నేను పెరుగు పోసిచ్చేదాన్ని. ఆయమ్మ పోయినాక శెట్టన్న ఈ గిన్నె నిండా పట్టుకొచ్చినాడు. వద్దన్నా. మొగోడు వారం వారం కూడు తెచ్చిస్తే వీధేమనుకుంటది?"

"నాయనేమన్నాడు?"

"ఆలోచన జేసి, 'గిన్నె దొంగవంటే నవ్వుతారు, ఇంకోటంటే నవ్వరు. నేను దొంగా దొంగా అని అరుస్తా, నువ్వూ అరుస్తుండు' అన్నాడు. సంచీలో బియ్యం, పప్పు, మీ నాగులు మామకు దగ్గుమందు తెచ్చేవాడు. ఎతికినట్టు ఎతికి, గిన్నెలో పోసి పోయేవాడు. నన్నెవురూ ఏమీ అనలా. ఆయన్ను చూసే నవ్వినారు."

ఇన్నేళ్లూ హైమావతి నాయన గొంతు ఆగితే చాలనుకుంది. లోపల్నుంచి నాగులు దగ్గుతూ, "అమ్మాయికి మజ్జిగియ్యే," అన్నాడు. మజ్జిగ వచ్చింది. తాగబోతూ, తనకు తెలియకుండానే గ్లాసు నెత్తి మీదికెత్తింది. మజ్జిగ చీర మీద ఒలికింది. అడుగున: వెంకటసుబ్బులమ్మ, గిద్దలూరు.

"ఇది మా అత్తది! దీన్ని పోగొట్టినానని నన్ను ఇప్పటికీ తిడతాది!"

"శెట్టన్నకు మజ్జిగ పోసిచ్చేదానికి మంచి గ్లాసు లేదంటి. కొత్తది తెస్తే తీసుకోనంటి. 'పాతదే, బిడ్డ ఇంట్లో పారేసినారు' అని తెచ్చినాడు."

ఊరందర్నీ అనుమానించిన మనిషి, దొంగతనం చేసింది మాత్రం కూతురి అత్తగారింట్లో. హైమావతికి నవ్వు ఆగలేదు. చెంచులక్ష్మి గిన్నెను ఖాళీగా ఇవ్వనంటే ఇవ్వనంది. బర్రె ఈనిందని జున్నుపాలు పోసిచ్చింది. గ్లాసు ఇవ్వబోతే హైమావతి వద్దంది.

మర్నాడు పాయసం అమ్మ గిన్నెలోనే కాగింది. గిన్నె ఎక్కడ దొరికిందని వీరాంజనేయులు అడిగితే, "ఇంకా దొరకలేదు," అంది హైమావతి. వాడు గిన్నె వంకా అక్క వంకా మార్చి మార్చి చూశాడు.

శనివారం ఆమె సంచీ నిండుగా చంకన పెట్టుకుని చెంచులక్ష్మి గడప ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది.

"మా గిన్నె బయటపెడతావా లేదా అత్తా?"

చెంచులక్ష్మి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే చీరకొంగు నడుమున దోపింది. "ఇల్లంతా ఎతుక్కో పోవే! నాయన పోయినాడనుకుంటే నువ్వు దాపరించినావా!"

గోడ మీద సంతోషమ్మ తల లేచింది. "ఓయమ్మ, ఈ పిచ్చి వంశంలోనే ఉండాది!"

లోపల హైమావతి సంచీలోంచి గిన్నె తీసి, బియ్యం, పప్పు పోసి మూత పెట్టి పొయ్యి పక్కన సర్దింది. చెంచులక్ష్మి ఆమె చెవి దగ్గరికి వంగింది.

"గొంతు చాల్లేదు అమ్మాయ్. మీ నాయన అరిస్తే గని దాకా వినపడేది."

"మొదటిసారి గదా అత్తా. వచ్చే వారానికి కుదురుకుంటాది," అంది హైమావతి.