రవికకు నాలుగణాలు

కుట్టుమిషనుకు నూనె పోసి చక్రం తిప్పినప్పుడు వచ్చే వాసన తగిలితే చాలు, నాకు సూర్యాపేట బజారులోని సత్తెమ్మక్క గుర్తుకొస్తుంది. భర్త పోయాక ఆయన మిషను మీదే బతుకు వెళ్లదీసిన మనిషి ఆమె. నైజాం పాలన ఆఖరి రోజుల్లో నేనూ భర్తను పోగొట్టుకుని తుంగతుర్తి నుంచి వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర చేతికిచ్చింది.

అప్పట్లో కుట్టుకూలికి ఒక పద్ధతంటూ లేదు. దొరల ఇళ్లకు వెట్టి, మిగతావాళ్లకు బేరం. ఒకరు మూడణాలంటే పక్కవాడు రెండంటాడు. ఆమె బజారులోని దర్జీలందరినీ కూర్చోబెట్టి, రవికకు నాలుగణాలకు తగ్గకూడదని ఒప్పించింది. దర్జీపనే చేసే తన కోదాడ అన్నకూ, మిర్యాలగూడ తమ్ముడికీ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది. నాకు భయమేసింది.

“అక్కా, జర తగ్గిస్తెనన్న పని దొరుకుతది గదా” అన్నాను.

“పని దొరుకుతది పిల్లా, బువ్వ దొరకదు. మా ఆయన సచ్చేదాక దొరల బట్టలు ఊకెనే కుట్టిండు. ఆయన పోయిన్నాడు మీద కప్పనీకి కొత్త గుడ్డ లేదు” అంది.

ఆ వేసవిలో ఒక దొర ఇంట్లో పెళ్లి వచ్చింది. దొర మనిషి బట్టల మూటలు తెచ్చి మా గుమ్మంలో పడేశాడు.

“రైకకు నాలుగణాలు. ఒప్పుకుంటెనే మూట ఇప్పుత” అంది సత్తెమ్మక్క.

“ధర పెట్టెటందుకు నువ్వెవరే?”

“కుట్టెటిదాన్ని” అని అతని కళ్లలోకి చూస్తూ ఊరుకుంది.

అతను మూటలెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పెద్దిళ్ల వాళ్లెవరూ మా వైపు రాలేదు. జొన్న గటకతో రోజులు గడిపాం. వాకిట్లో అడుగుల చప్పుడైతే నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. బజారులోని మిగతా దర్జీలూ, కోదాడ అన్నా అదే ధర చెప్పి పంపేశారని తెలిసింది. మిర్యాలగూడ తమ్ముడు మాత్రం బెదిరిపోయి రెండణాలకే ఒప్పుకున్నాడు. ఆ కబురు విని ఆమె మిషను మీది దుమ్ము తుడిచింది. “పిల్లలుగల్లోడు, భయపడ్డడు” అని మాత్రం అంది.

కానీ పెళ్లివారి బట్టలన్నీ తమ్ముడి ఒక్క మిషను మీద తెమిలేవి కావు. ముహూర్తం దగ్గరపడగానే దొర మనిషి మళ్లీ మా గడపకే వచ్చాడు. ఈసారి మూటలు విసరలేదు, మెల్లగా కింద పెట్టాడు. నాలుగణాలకు ఒప్పుకున్నాడు. తమ్ముడి దగ్గరున్న బట్టలకు కూడా అదే కూలి ఇస్తేనే పని మొదలుపెడతానని ఆమె పట్టుబట్టింది.

నాకు ఒళ్లు మండింది. “మాట తప్పినోనికి గూడ నాలుగణాలేనా అక్కా?”

“మనిషిని బట్టి మారితే అది ధరెట్లయితది?” అంటూ సూదిలోకి దారం ఎక్కించింది.

కొన్నేళ్లకు నేను సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. ఆ రోజు వచ్చి ఆమె చెప్పింది ఒక్కటే: “లేనోళ్లొస్తే ఊకెనే కుట్టియ్యి. తక్కువకు మాత్రం కుట్టకు.”

ఆ రెండింటికీ ఉన్న తేడా అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఊరికే కుడితే ధర చెడదు, తక్కువకు కుడితే అందరి కూలీ పడిపోతుంది. ఇప్పటికీ లేనివాళ్లు వస్తే డబ్బు మాటెత్తను. ఉన్నవాళ్లు బేరమాడితే మాత్రం కూలి మరోసారి చెప్పి, వాళ్ల కళ్లలోకి చూస్తూ ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం నాకు ఆమె నేర్పిందే.