అది పాత పాట కాదు, మా అత్త పాట

పోయిన ఆదివారం పొద్దున్నే తమ్ముడు బాగ్‌బేరాలోని మా రైల్వే క్వార్టర్ తలుపు తట్టాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్కా, పక్కింటి అత్త... నహీ రహీ" అన్నాడు. అత్త పోయిందన్న మాట హిందీలో ఎందుకన్నాడో తెలియదు. తెలుగులో అనడానికి నోరు రాలేదేమో.

ఆమె మాకు చుట్టం కాదు. సిద్ధగోరాలో వాళ్ళ ఇంటికీ మా పుట్టింటికీ నడుమ ఒక్కటే గోడ. చిన్నప్పటి నుంచీ అత్తా అనే పిలిచాను. సంతాప సభకు నాలుగు మాటలు రాసిమ్మని తెలుగు సంఘం వాళ్ళు అడిగారు. "పేరు ముందు ఏం వేయమంటారు? గాయనా, రచయిత్రా?" అన్నారు. కాగితం మీద పేరు రాసి, దాని ముందు చోటు ఖాళీగా వదిలాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

అత్తది శ్రీకాకుళం వైపు పల్లె. మావయ్యకు ఇక్కడి ఉక్కు కార్ఖానాలో, రోలింగ్ మిల్లులో పని. ఏ తెలుగువాళ్ళింట పెళ్ళయినా విందు వేళకు అత్త ఉండాల్సిందే. కూర్చుని పాడేది కాదు. కొంగు నడుముకు దోపుకుని, వియ్యాలవారి బంతి ముందు అటూ ఇటూ నడుస్తూ, వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడేది. పెళ్ళికి ముందు ఆ వియ్యపురాలి ఊరూ పేరూ అలవాట్లూ అన్నీ అడిగి తెలుసుకునేది. "వంట సూసి ఉప్పెయ్యాల, మనిసిని సూసి పాట కట్టాల" అనేది.

ఒకసారి బిర్సానగర్‌లో పెళ్ళికి ఇలా కట్టింది:

"స్లాగు పోసిన ఎరుపు జూసి తెల్లారిందని ముగ్గేసింది,
భోంపు కూసి పొద్దెక్కినా పొయ్యి మాత్రం ఎలిగించలేదు."

రాత్రిపూట కార్ఖానాలో స్లాగు, అంటే కాగే ఇనుప చిట్టెం, పారబోస్తే మా ఊళ్ళో ఆకాశమంతా ఎర్రబడుతుంది. ఆ వెలుగు చూసి కొత్తగా వచ్చినవాళ్ళు నిజంగానే తెల్లారిందనుకుంటారు. భోంపు అంటే షిఫ్టు మారేటప్పుడు కూసే కార్ఖానా సైరను. పందిరంతా ఘొల్లున నవ్వింది. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళెవరో టేప్ రికార్డర్ పెట్టి పాటంతా పట్టారు. అత్త మురిసిపోయింది.

కొన్నాళ్ళకు ఇద్దరం సాక్చి బజారుకు వెళ్ళాం. నేనప్పటికి బడిలో టీచరుగా చేరాను. కేసెట్ల కొట్టులోంచి ఆ పాటే వినపడింది. గొంతు వేరేవాళ్ళది. అత్త ఆగిపోయింది. "ఓలమ్మో, నా పాటే! ఎంత బాగా పాడిందో సూడే!" అని చప్పట్లు కొట్టింది. కొట్టువాణ్ణి అది ఎవరి పాటని అడిగింది.

"పురానా గానా హై, మాజీ. కిసీకా నహీ," అన్నాడతను. పాత పాటమ్మా, ఎవరిదీ కాదు అని. కేసెట్టు మీద "సంప్రదాయ పెళ్ళిపాటలు" అని అచ్చేసి ఉంది.

ఇద్దరం రిక్షాలో తిరిగొచ్చాం. ఇంటి దగ్గర రిక్షా దిగాక అత్త అంది: "నాను బతికే ఉన్నాను కదేటే? మరి నా పాట పురానా ఎలగయిపోయింది?"

మావయ్య కొట్టు మీదికి వెళ్తానని లేచాడు. మా నాన్న ఆపి, ఇద్దరినీ తనకు తెలిసిన తెలుగు వకీలుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఢిల్లీ ఆఫీసులో కాపీరైటు రిజిస్టరు చేయిద్దాం అన్నారాయన. "పాట కట్టిన క్షణం నుంచే హక్కు మీదమ్మా. రిజిస్ట్రేషన్ ఉంటే రేపు సాక్ష్యానికి పనికొస్తుంది."

"నాదే అయితే, నాదని మళ్ళీ ఢిల్లీవోళ్ళని అడగడమేటి బాబూ?"

వకీలుగారు నవ్వి, ముందు పాటను కాగితం మీద పెట్టమన్నారు. ఆ తర్వాత గందరగోళం పెరిగిందే తప్ప తగ్గలేదు. నేను రాసుకుంటానంటే అత్త పాడింది. సరిచూద్దామని మళ్ళీ పాడమంటే మాటలు మారిపోయాయి. ఇందులో అసలు పాట ఏదత్తా అన్నాను. "ఏ పెళ్ళికి పాడింది ఆ పెళ్ళికి అసలు" అంది. రాగం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. "రాగం మా అమ్మది. ఊడుపుల కాడ పాడేది. అది నాదని ఎలగ రాయిత్తాను?"

"మాటల వరకే పంపుదామమ్మా" అన్నారు వకీలుగారు.

"రాగం లేకపోతే అది పాటేటి బాబూ?"

చివరికి బిర్సానగర్ పెళ్ళి నాటి మాటలే పంపారు. చాలా నెలలకు ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో సర్టిఫికెట్ వచ్చింది. అత్త తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే వేలితో తడిమింది. సంతోషిస్తుందనుకున్నాను. "ఇకనించీ నాను మాటలు మార్సకూడదేటి?" అంది. నాకు తెలియదన్నాను.

ఆ అనుమానంతోనే తర్వాతి పెళ్ళిలో కాగితంలో ఉన్న మాటలు ఉన్నట్టే పాడింది. ఎవరూ నవ్వలేదు. ఆ వియ్యపురాలు చీకటితో లేచి ఊరందరికీ వండిపెట్టే మనిషి. పాట ఆమెకు అతకలేదు. అత్త మధ్యలో ఆగింది. గ్లాసెడు నీళ్ళు తాగింది. కొంగు మళ్ళీ బిగించి, "నిద్దరోతున్న కోడిని లేపి కుయ్యమన్నాది వియ్యపరాలు" అని ఎత్తుకుంది. అందరికంటే ముందు నవ్వింది ఆ వియ్యపురాలే.

బంతిలో వకీలుగారూ ఉన్నారు. అత్త పాడుతూనే ఆయన ముందు ఆగి, "బాబూ, దీన్ని మళ్ళీ ఢిల్లీ పంపాలేటి?" అంది. ఆయనకు పొలమారింది. తేరుకుని, "మీ పాట, మీ ఇష్టం. మిమ్మల్ని అడక్కుండా వాడుకోకూడనిది పరాయివాళ్ళమ్మా" అన్నారు. ఆ రోజు అత్త మొహంలో వచ్చిన తెరిపి నాకింకా గుర్తే.

కేసెట్లు చేసినతనికి వకీలుగారు ఉత్తరం రాశారు. అతను స్వయంగా వచ్చి, టేపు ఎవరో ఇస్తే పాత పాటనుకున్నానని చేతులు జోడించాడు. కొత్తగా వేసే అట్టల మీద పాట, రాగం రెండిటికీ అత్త పేరే పెడతానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"రాగం నాది కాదు."

"మరి ఎవరిదమ్మా? మీ అమ్మగారి పేరు చెప్పండి."

అత్త తల అడ్డంగా ఊపింది. "అమ్మకి ఎవులు నేర్పేరో నాకు తెల్దు" అంది. ఆమే మళ్ళీ, "రాగానికి సంప్రదాయం అనే ఎయ్యి బాబూ. మాటలకి నా పేరెయ్యి" అంది. అతను అలాగే వేశాడు. అంతగా బాధపెట్టిన ఆ మాటనే ఆమె ఎందుకు ఉంచమందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమైనట్టుంటుంది, మళ్ళీ అంతలోనే కానట్టుంటుంది.

అత్తను ఆఖరిసారి ఈ వానాకాలంలో చూశాను. వరండాలో పీట వేసుకుని, చేటలో బియ్యం ఏరుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఎప్పుడూ విన్నది కాదు. ఎవరి పాటత్తా అది అన్నాను. తలెత్తకుండానే కుడిచెయ్యి పైకెత్తింది. "ఉండవే. మాటలింకా రాలేదు."

వాన జల్లు వరండా లోపలికి కొడుతోంది. అరచేతికి ఒక బియ్యపు గింజ అంటుకుని ఉంది. చెయ్యి అలాగే గాలిలో ఉంచి, కళ్ళు సగం మూసి, పెదాలు కదుపుతూ ఆమె ఇంకా వింటూనే ఉంది.