పరదా వెనక కొలతలు

భిలాయి క్యాంప్ 2లో నా టైలరింగ్ దుకాణం ఒకే గది. మధ్యలో పరదా కట్టి, దాని వెనక ఆడవాళ్ల కొలతలు తీస్తాను. ఎవరి నడుము ఎంతో పైకి చదవను. టేపు చూసి పుస్తకంలో రాసుకుంటాను. మొదటినుంచీ అదే పద్ధతి.

పుస్తకాలు బీరువాలో పట్టకుండా పోయాక, దర్జీల కోసమే చేసిన ఒక ఉచిత యాప్ ఫోన్‌లో వేసుకున్నాను. పేరు, నంబరు, కొలతలు, కొత్త జాకెట్టు వేసుకున్న ఫొటో, అన్నీ అందులోనే. అది అడిగిన ప్రతిదానికీ చదవకుండా సరే నొక్కాను. పని హాయిగా సాగింది.

ఒకరోజు నా కస్టమరు ఒకావిడ వచ్చింది. బడిలో టీచరు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆ రోజు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"దీదీ, నా నంబరు ఎవరికైనా ఇచ్చావేటి? బరువు తగ్గే మందు అమ్ముతామని రోజూ ఫోన్లు. నా పేరు తెలుసు, నా నడుము ముప్పై ఎనిమిదని కూడా తెలుసు. ఆ సంగతి మా ఆయనక్కూడా తెలీదు."

నేనెవరికీ చెప్పలేదన్నాను. అది నిజమే. కానీ ఆ అంకె ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ వెళ్లగానే ఫోన్ తీసి యాప్ తీసెయ్యబోయాను.

అప్పుడు దుకాణంలో నెహ్రూ నగర్ నుంచి బట్టలు కుట్టించుకోడానికి వచ్చే దంపతులు ఇద్దరున్నారు. ఆయన స్టీల్ ప్లాంటులో మీటర్లు, మిషన్లు బాగుచేసే పనిచేసి రిటైరయ్యారు. వాళ్లది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం. అందుకని బాబాయ్, పిన్ని అని పిలుస్తాను.

"ఉండమ్మా, తీసీకు," అన్నారు బాబాయ్. "తీసీస్తే నీ ఫోన్లో బొమ్మ పోతాది, అంతే. వాళ్ల దగ్గరున్నది అలాగే ఉంటాది. ముందు నీ కొలతలు నువ్వు బయటికి తెచ్చుకో. తరవాత ఖాతా మూసీసి, ఉన్నదంతా చెరిపీమని వాళ్లకి రాయి. ఆ పైన తీసీ."

అలాగే చేశాం. ఆ వారమంతా కస్టమర్లందరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఇద్దరు గట్టిగా కోప్పడ్డారు. మిగతావాళ్లు, నువ్వే చెప్పావు కదా, చాల్లే అన్నారు.

ఆదివారం బాబాయ్ తన ఇంట్లో మూల పడున్న కంప్యూటర్‌ని ఆటోలో తెచ్చారు. అందులో విండోస్ బదులు లినక్స్ వేసి, దానిమీద జాబితాలు రాసుకునే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ పెట్టారు.

"ఇదీ ఉచితమే గదా బాబాయ్. ఇదీ అలాగే చేస్తేనో?"

"దీని లోపల ఏటుందో ఎవరైనా విప్పి చూడొచ్చు, చూస్తన్నారు కూడా. పైగా నీ కొలతలు ఈ పెట్టెలోనే ఉంటాయి. గోడ దాటవు."

దుకాణం వైఫైలో ఉన్నంతసేపే ఆ జాబితా నా ఫోన్‌లో తెరుచుకునేలా పెట్టారు. బజారుకెళ్లినా కనిపిస్తే బావుంటుందన్నాను.

"ఏల? బజార్లో నిలబడి ఎవరికి జాకెట్టు కొలుస్తావు?" అన్నారు. నవ్వొచ్చింది. ఆ కోరిక అంతటితో వదిలేశాను.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయించి ఇంట్లో బీరువాలో పెట్టించారు. ప్రతి శనివారం కొలతలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాలి. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో, రెండింటికీ పాస్‌వర్డ్ తాళం. రెండు వారాలు బుద్ధిగా చేశాను. మూడో వారం ఆయన వచ్చి కంప్యూటర్ వైరు పీకేశారు.

"ఇది కాలిపోయిందనుకో. కొలతలేవి?"

పెన్‌డ్రైవ్ ఆయన లాప్‌టాప్‌కి పెట్టి, ఆయన చెప్పినట్టల్లా చేసుకుంటూ పోయాను. తెరమీద అందరి పేర్లూ వచ్చాయి. ఒక్కటీ పోలేదు. ఎక్కించి ఊరుకోకూడదనీ, అప్పుడప్పుడూ ఇలా తిరిగి తీసి చూస్తేనే ధైర్యమనీ ఆ రోజు తెలిసింది.

అసలు సరదా ఆ తర్వాత మొదలైంది. ఇందులో కొలతల పక్కన ఏ గళ్లు పెట్టుకోవాలో నా ఇష్టం. 'చంక దగ్గర పట్టేస్తుంది' అని ఒకటి పెట్టుకున్నాను. 'వదులు చెయ్యమంటుంది, మళ్లీ బిగించమంటుంది' అని ఇంకొకటి. పిన్ని అది చూసి, "నా పేరు పక్కన ఏటి రాసావో చూపించు," అని పట్టుబట్టింది. ఎంత అడిగినా చూపించలేదు.

తర్వాత తెరమీది మాటలన్నీ తెలుగులో కనిపించేలా మార్చాను. 'సేవ్' ఉండాల్సిన చోట 'రక్షించు' అని ఉంది. జాకెట్లన్నీ ఏట్లో కొట్టుకుపోతున్నట్టు రక్షించు, రక్షించు అని నొక్కుతూ పిన్నీ నేనూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. ఈ తర్జుమాలు ఎవరెవరో ఇష్టం కొద్దీ చేస్తారనీ, మనమూ దిద్ది పంపొచ్చనీ బాబాయ్ చెప్పారు. నేను పుట్టింది భిలాయిలో, చదివింది హిందీలో. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పినవే. నా తెలుగు ఎవరికి పనికొస్తుందని వెనకాడాను. పిన్ని ఊరుకోలేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పదకొండు మాటలు దిద్దాం. రక్షించు తీసేసి 'దాచు' అని రాసి పంపాం.

కొన్నాళ్లకు ప్రోగ్రామ్ కొత్తది వచ్చింది. వేసి చూస్తే తెరమీద 'దాచు' అని ఉంది. కుడుతున్న మిషన్ ఆపి, పక్కనున్న మిఠాయి కొట్టు భయ్యాని పిలిచి చూపించాను. ఆయనకు తెలుగు రాదు.

"క్యా లిఖా హై?" అన్నాడు, ఏం రాసి ఉందని.

చెప్పాను. అందులో అంత సంబరమేమిటో ఆయనకు అర్థం కాలేదు గాని, వెళ్లి జిలేబీ పొట్లం కట్టి తెచ్చిచ్చాడు. తింటూనే పిన్నికి ఫోన్ చేశాను.

"సరేగాని, ఆ ఎక్స్‌పోర్ట్ దగ్గర 'ఎగుమతి' అన్న మాట నాకు నచ్చలేదే. మనమేటి, ఓడలెక్కిస్తున్నామా?" అంది. "రేపొస్తాను, అదీ మారుద్దాం."