రూత్ గారి పచ్చితోలు కళ్ళెం

మొన్న గుడి వీధిలో మృదంగాలు బాగుచేసే కొట్టు ముందు తడి తోలు వాసన తగిలింది. పక్కన నడిచేవాళ్ళు ముక్కు మూసుకుని దాటిపోయారు. నేను మాత్రం నిలబడిపోయాను. ఆ వాసన వెంటే నాకు రూత్ గారు గుర్తొస్తారు.

చమురు డబ్బుతో ఖతార్ రోజుకో రకంగా మారుతున్న కాలం. మావారికి మెసయీద్‌లో ఎరువుల కర్మాగారంలో ఉద్యోగం. మాకూ చమురు కంపెనీ వాళ్ళకూ కలిపి ఇచ్చిన క్వార్టర్లలో మా పక్కింటావిడ రూత్ గారు. భర్త చమురు బావుల దగ్గర పనిచేసే అమెరికా ఇంజనీరు. ఆవిడ కొమాంచీ స్త్రీ. అమెరికా గడ్డి మైదానాల్లో గుర్రాలతోనే బతికిన జాతి వాళ్ళది. నేను బడి ముఖం చూడకుండా తాతగారి దగ్గర ఇంట్లో చదువుకున్నదాన్ని. ఆయన నేర్పిన కాస్త ఇంగ్లీషుకే ఆవిడ ఎంతో ఓపికగా బదులిచ్చేవారు.

పొద్దున్నే ఆవిడ ఒక అరబ్బు పెద్దమనిషి గుర్రపుశాలకు వెళ్ళేవారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని, రాలిన గుర్రపు తోక వెంట్రుకల చిక్కుతీసి, తొడ మీద పేని తాళ్ళు అల్లేవారు. "గుర్రం నోట్లో ఇనుమెందుకు? మాట వినడానికి నొప్పి అక్కర్లేదు" అనేవారు. నేను జడలా అల్లబోతే విప్పించేసి, "అంత బిగించకు. ఇది దాని ముఖానికి తగిలేది" అని మళ్ళీ మొదలుపెట్టించేవారు.

ఆ శాలలో ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. ఇనుప కళ్ళెం గుంజి గుంజి ఎవరో దాని నోరు చీల్చారు. అప్పట్నుంచి మనిషి చెయ్యి చూస్తే బెదిరేది. శుక్రవారానికి దారికి రాకపోతే అమ్మేస్తానన్నాడు యజమాని. అక్కడ పనిచేసే జగిత్యాల రాజయ్య మా గుమ్మంలోకొచ్చి, "అమ్మా, కొనెటోడు ఎసొంటోడో ఏమో! మేడమే ఏదన్న జెయ్యాలె" అని వాపోయాడు.

రూత్ గారు పెట్టె అడుగు నుంచి తన తండ్రి అల్లిన కళ్ళెం తీశారు. పదును చెయ్యని పచ్చితోలును సన్నగా కోసి అల్లిన ముక్కుపట్టీ, వెంట్రుకల పగ్గాలు. నోట్లో పెట్టేదేమీ లేదు. బుధవారం దాన్ని నా చేతిలో పెట్టి, "పగ్గం కొస విడిపోతోంది, అల్లిపెడతావా?" అన్నారు. ఎంత నమ్మకమో!

నాదేమో దేవుడి గది ఉన్న ఇల్లు. ఆవిడంటే గౌరవం, తోలంటే మడి భయం. రెండూ కాపాడుకుందామని, ఇంట్లోకి తెచ్చే ముందే కళ్ళేన్ని పసుపు నీళ్ళలో నానబెట్టి, కడిగి, పెరటి గోడ మీద ఎండేశాను. మర్నాడు మధ్యాహ్నానికి ముక్కుపట్టీ ముడుచుకుని, వంకర తిరిగి, కట్టెలా బిగిసింది. మేక మూతికి కూడా పట్టదు.

తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"మా నాన్న చేతి పని" అన్నారు. పసుపు మరకలు తడిమి, "ఎందుకు కడిగావు?"

"శుభ్రం చేద్దామని."

"నన్ను అడగాల్సింది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడే లేచి బకెట్లో నీళ్ళు పోసి దాన్ని ముంచారు. "మెత్తబడుతుంది. ఈసారి నీడలో ఆరాలి. గుర్రం మూతంత లావున్న దేనికైనా చుట్టి ఉంచాలి." ఇద్దరం వెతికాం. డబ్బాలు చిన్నవి, బకెట్లు పెద్దవి. సరిపోయేది ఒకటే: పూజకు నీళ్ళు పట్టే మా చిన్న ఇత్తడి బిందె. తటపటాయించిన మాట నిజం. కానీ వెళ్ళి తెచ్చాను. అది పూజ బిందె అని రోజూ చూసే ఆవిడకు తెలుసు. రెండు చేతులా అందుకున్నారు. పట్టీ ఆరేలోగా పగ్గం కొస నేను అల్లాను, బిగించకుండా.

శుక్రవారం పట్టీ రంగు చూసి రాజయ్య నవ్వాపుకోలేకపోయాడు. "పెండ్లిపిల్లకు బెట్టినట్టు పసుపు బెట్టిండ్రు గదమ్మా! ఇగ యాడికి వోతది?"

రూత్ గారు పట్టీ పట్టుకుని గుర్రానికి కొంచెం దూరంలో చాలాసేపు ఊరికే నిలబడ్డారు. చివరికి అదే దగ్గరకొచ్చింది. వాసన చూసింది. తల వంచింది. ఆవిడ తొడిగి, ఎక్కి, శాల చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిప్పారు. యజమాని రాజయ్యతో ఏదో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఖలాస్ అమ్మా, ఇగ గుర్రాన్ని అమ్మడట!" అని అరిచాడు రాజయ్య.

నన్ను మందలించదలచుకుని భగవంతుడు అంత మంచి మనిషి నోట మందలించాడు. అందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఏళ్ళు గడిచాక మా కోడలు కాపురానికొస్తూ వాళ్ళ అమ్మమ్మ పులుసు కాచిన రాతిగిన్నె, రాచ్చిప్ప తెచ్చుకుంది. తోమబోయి ఆగాను. "దీన్నెలా కడగాలమ్మా?" అన్నాను.

"ఇంతకాలం వంట చేసి మీకు తెలీదా అత్తయ్యా?" అని నవ్వింది.

"నీ చిప్ప సంగతి తెలీదు. చెప్పు" అని పీట వాల్చుకుని తన పక్కన కూర్చున్నాను.