దొరసాని సన్మానపత్రానికి బంగారం

మా మామగారు చిక్కపేటలో దేవుళ్ల పటాలు చేసేవారు. పలక మీద కాగితం అతికించి, నగలు వచ్చేచోట సఫేదా అనే తెల్లపొడి, జిగురు కలిపిన ముద్దతో ఎత్తుగా గీసి, ఆ ఎత్తు మీద బంగారు రేకు ఒత్తేవారు. మా ఆయనకు ఆ విద్య అబ్బలేదు. మిల్లులో గుమాస్తాగా చేరి హాయిగా ఉన్నారు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అందుకని సఫేదా నూరడం, జిగురు కాచడం నా వంతుకొచ్చాయి. రేకు మాత్రం నా చేతికిచ్చేవారు కారు. దేవుడి ఒంటి మీది బంగారం ఆ ఇంట్లో ఆడవాళ్లు ముట్టకూడదు. ముద్ద నూరడానికి పనికొచ్చిన చెయ్యి రేకు పెట్టడానికి ఎందుకు పనికిరాదో నాకు అర్థమయ్యేది కాదు, ఒళ్లు మండేది. నాకు ఆ పని కావాలి, అంతే.

యుద్ధం రోజుల్లో, దొరల పటాలాలుండే దండులోని ఒక ఆడపిల్లల బడి నుంచి పంతులమ్మ ఒకావిడ వచ్చింది. మనవాళ్లే, ఆనేకల్ వైపు. వాళ్ల పెద్ద దొరసాని పని చాలించుకుంటోందట, సన్మానపత్రం ఇవ్వాలట. ఇంగ్లీషు రాతంతా నల్ల సిరాతో ముందే రాయించి తెచ్చింది. చుట్టూ తీగలు, మొదటి అక్షరం నిండా బంగారం మా పని. నమూనాకు ఒక రంగుల బొమ్మ ఇచ్చింది. ఎన్నో వందల ఏళ్ల కిందట దొరల దేశపు సన్యాసులు మఠాల్లో కూర్చుని చేత్తో రాసి, బంగారం పెట్టిన పుస్తకంలోని పుట అది. తీగల్లో కుందేళ్లు, పిట్టలు, ఒకచోట నత్త మీదికి కత్తి దూసిన సిపాయి. నత్తతో యుద్ధమెందుకో పంతులమ్మకూ తెలియదు. మామగారు నత్తను తీసేసి నెమలిని పెట్టారు.

అక్షరాన్ని మాత్రం ఆయన చేతనైనంత గొప్పగా చేశారు. ఎత్తు మీద ఎత్తు వేసి, మధ్యలో పూలు తీర్చి, అచ్చం అమ్మవారి మంటపంలా నిలబెట్టారు. పంతులమ్మ వచ్చి చూసి మురిసిపోయింది.

"శానా బాగుండాదప్పా" అంటూ కాగితాన్ని తీసి చుట్టింది. పటపటమని బంగారం పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"అయ్యో, ఏం చేస్తివమ్మా!" అని మామగారు లేచి నిలబడ్డారు.

"చుట్టకుంటే ఎట్లప్పా? వెండి గొట్టంలో పెట్టి ఇచ్చేది కదా ఇది!"

మా ఇంట్లో చుట్టేది చాప ఒక్కటే. బొమ్మ అన్నాక పలక మీదే ఉంటుంది. చుడతారా అని అడగాలని ఎవరికీ తోచలేదు. మళ్లీ రాయిద్దామంటే రాసినాయన ఊళ్లో లేడు, సభ దగ్గర పడింది. ఎత్తు లేకుండానైనా పెట్టిమ్మని పంతులమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎత్తు ల్యాకుండా పెడితే అది బంగారమా? పసుపు పూసినట్ల ఉంటాది. నా చేత కాదు" అని మామగారు వెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

ఇంతకంటే మంచి అదను నాకు దొరకదనిపించింది. "మామా, నేను పెడతాను. దీంట్లో దేవుడు ల్యాడు కదా" అన్నాను.

ఆయన నా వైపు తిరగనైనా లేదు. "కాగితమే కదా. ఏమన్నా చేసుకో."

తడి దూదితో ఆ ఎత్తంతా మెల్లగా నాననిచ్చి, సిరా చెదరకుండా తీసేశాను. తుమ్మజిగురులో కాస్త తేనె పడితే ఎండినా పెళుసెక్కదని నాకు తెలుసు, కాచేదాన్ని నేనే కదా. దాన్ని పల్చగా పూసి, ఆరాక నోటి ఆవిరి ఊది, అది తడి పట్టగానే రేకు వేసి ఒత్తాను. దేవుడి పటానికైతే ఊపిరి సోకితే మైల అని మామగారు మూతికి గుడ్డ కట్టుకునేవారు. ఇక్కడ ఊపిరి లేనిదే రేకు అంటదు. మొదటి రేకు మడత పడకుండా పరుచుకుంది. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

మామగారు దాన్ని చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు. ఒక్క గీత పడలేదు. "పర్వాల్యా" అన్నారు. పంతులమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, కాగితాన్ని గొట్టంలో పెట్టుకుని వెళ్లింది.

తరువాత మామగారు లక్ష్మీదేవి పటం మొదలుపెట్టారు. నేను రేకుల పొట్లం తెచ్చి పక్కన కూర్చున్నాను.

"అది ఈడ పెట్టి, పోయి ముద్ద నూరమ్మా."

"బంగారం నేను పెట్టేదైతే నూరుతాను."

"అది కాగితం. ఇది అమ్మవారు."

"అమ్మవారు ఆడది కాదా మామా?"

ఆయన పొట్లం తన వైపు లాక్కున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి వంట చేసుకున్నానే గాని సన్నికల్లు ముట్టలేదు. ఆయనే నూరుకోబోయారు. పలుకులు పలుకులుగా వచ్చి ముద్ద కుంచె దిగలేదు. మరునాడూ అంతే. తెల్లటి పటం గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి పెందలాడే మిల్లుకు పోయేవారు.

చివరికి ఒక పొద్దున మామగారు రేకుల పొట్లం నా వైపు జరిపారు. "అమ్మవారు కూచున్న తామరపువ్వు కాడ మొదులుపెట్టు. కిరీటం జోలికి పోవద్దు" అన్నారు.

ముద్ద నూరి తెచ్చాను. ఆయన ఎత్తులన్నీ గీసి ఆరబెట్టారు. ఆయన చూస్తుండగానే కిరీటంతో మొదలుపెట్టాను.