నేరం లినక్స్‌ది కాదని తేల్చడానికి పొందూరు వెళ్ళాను

శుక్రవారం పొద్దున్నే పొందూరు నుంచి మా మరదలు గౌరి ఫోన్ చేసింది. “బావా, కంప్యూటరు పావుగంట కూడా నిలవట్లేదు, దానంతటదే ఆరిపోతన్నాది. సిక్కోలు షాపాయన వచ్చి సూసినాడు. లినక్సు వల్ల మదర్‌బోర్డు పోయిందంట. పాతది అట్టుకెల్లి, విండోస్ ఏసి కొత్తది ఇస్తాడంట. సాయంత్రం నాలుక్కి ఆటో తెస్తాడు. అమ్మ సెవి కమ్మలు తీసీసింది తాకట్టుకి.” మూత ఇప్పి చూశాడా అని అడిగాను. “లేదు, తెర సూసే సెప్పీసినాడు” అంది. నాకు నెత్తురు మరిగింది. ఆ పాత కంప్యూటర్లో విండోస్ బదులు, ఉచితంగా దొరికే లినక్స్ వేసింది నేనే. పెళ్ళికార్డులు, కరపత్రాలు తెలుగులో టైపు చేసి గౌరి ఇంట్లోనే తన చేతి ఖర్చులకు సంపాదించుకుంటోంది. జూట్‌మిల్లు గేటు దగ్గర పంచే కరపత్రాలు చదివి బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి నేను. నన్ను తిడితే పడతాను. పదిమంది కలిసి రాసి అందరి చేతుల్లో పెట్టినదాన్ని, మూతైనా తీయకుండా దొంగని చేస్తే పడను.

నెల్లిమర్లలో పొద్దుటి పలాస పాసింజరు ఎక్కాను. టికెట్ పాతిక రూపాయలలోపే. చీపురుపల్లి దాటాక కిటికీ పక్క సీటు దొరుకుతుంది. క్రాసింగులు లేకపోతే గంట పైన కొంచెం, ఉంటే దేవుడి దయ. సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, పెయింటు కుంచె, ప్రాసెసర్ వేడి లాగడానికి పూసే థర్మల్ పేస్టు ట్యూబు, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉన్నాయి. ఆ పేస్టు ముందే కొనిపెట్టుకోండి, పొందూరులో దొరకదు. స్టేషన్ ఊరికి ఎడంగా ఉంటుంది కాబట్టి షేర్ ఆటో తప్పదు, మనిషికి పది. డ్రైవరు నా సంచిలోకి తొంగిచూసి, “ఏటి బాబూ, కరెంటోళ్ళా?” అన్నాడు. కంప్యూటరు బాగుచెయ్యడానికన్నాను. “కొత్తది కొనీసుకోక ఈ బాధేటి? మా బావమరిదీ అలాగే బాగుసేయించి బాగుసేయించి, ఆకరికి దాని మీద టీవీ పెట్టినాడు.” ఆటో అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంటికి చేరేసరికి మా అత్త వసారాలో కూర్చుని పత్తి ఏకుతోంది. పొందూరు పత్తిని దువ్వేది వాలుగ చేప దవడతో. సన్నటి పళ్ళున్న ఆ ఎముకతో లాగుతూ ఉంటే, పోగు పోగు విడిపోయి పొగమంచులా లేస్తుంది. ఆ ఇంట్లో గాలి కూడా పత్తే. అందుకే అక్కడ మూత లేనిది ఏదీ ఉండదు. బిందె మీద గుడ్డ, అన్నం మీద గుడ్డ, గోడ గడియారానికి గుడ్డ. “ఒరే అల్లుడా, ముందు అంబలి తాగు” అంది అత్త. చోడి అంబలి, అంటే రాగిదే, పచ్చి ఉల్లిపాయ. తాగుతూ చూశాను, అత్త చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు దేవుడి పటం ముందు కాగితప్పొట్లంలో ఉన్నాయి. గిన్నె పక్కన పెట్టి లేచాను.

కంప్యూటరు వసారా మూలన, అత్త ఏకే చోటుకి రెండు బారల దూరంలో ఉంది. ఆన్ చేసి పని మొదలుపెట్టాను. గౌరి చెప్పినట్టే పావుగంట కాకముందే టప్‌మని ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేసి, అది జరిగిందంతా రాసుకునే లాగ్ ఫైళ్ళు చూస్తే తప్పు సందేశం ఒక్కటీ లేదు. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో పడిపోయినట్టు రాత అక్కడికి ఆగిపోయింది. అప్పుడు ఇంకోసారి ఆపి ఆన్ చేసి, డిలీట్ మీట నొక్కుతూ, అన్నిటికంటే ముందు వచ్చే బయాస్ తెర దగ్గరే ఆపేశాను. “ఇప్పుడు లినక్స్ ఇంకా లేవలేదు. విండోస్ ఉన్నా లేవదు. ఏ సిస్టమూ నడవట్లేదు. ఇక్కడ కూడా ఆరిపోతే ఎవరిది నేరం?” అన్నాను. గౌరి పక్కన కూర్చుంది. అత్త ఏకడం ఆపింది. ఆ తెర మీదే ప్రాసెసర్ వేడి కనిపిస్తుంది. డెబ్భై డిగ్రీలు, ఎనభై, తొంభై దాటింది. టప్. “సూసినావా అమ్మా! లినక్సు లెగలేదు గానీ ఇది పడిపోయినాది!” అని గౌరి చప్పట్లు కొట్టింది.

ఆ ఇంట్లో అన్నిటి మీదా గుడ్డే కాబట్టి అంతదాకా పట్టించుకోలేదు గానీ, వేడి ఎందుకని యంత్రం కేసి చూస్తే అర్థమయింది. కేబినెట్‌కి మెడ నుంచి పాదం దాకా తొడుగు. అత్త సొంతంగా వడికిన నూలుతో నేయించిన పంచె గుడ్డ, చిక్కటి నేత. మీట దగ్గర, వైర్ల దగ్గర మాత్రం కన్నాలు. వంకాయరంగు దారంతో అంచు కుట్టి, పైన బొట్టు కూడా పెట్టింది. పత్తి లోపలికి పోకూడదని బిందెకి కట్టినట్టే కట్టింది. “అత్తా, ఈ గుడ్డ ఇప్పెయ్యాలి” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను.

“ఏటీ? నీ లినక్సు పాడైపోయి నా గుడ్డ మీద పెడతన్నావేటి?” అత్త లేచి నిలబడింది. “ఆ షాపోడు లినక్సుదన్నాడు, నువ్వు గుడ్డదంటన్నావు. ఎవుడికాడు పక్కోడి మీద తోసీడమేనా? పత్తి లోపలికెల్తే నువ్వొచ్చి తుడుస్తావా నెల్లిమర్ల నుంచి?”

నేను మోసుకొచ్చిన కోపమంతా షాపువాడి కొలతలకి కుట్టించింది, అత్తకి సరిపోలేదు. చివరికి, “గంటసేపు గుడ్డ లేకుండా నడిపి చూద్దాం. మధ్యలో ఆరిపోతే కమ్మలు నేనే తాకట్టుకి పట్టుకెళ్తా” అన్నాను. “మాటంటే మాటే” అంది అత్త.

మూత ఇప్పాను. ఫ్యాను కింద అల్యూమినియం రెక్కల మధ్య పత్తి పరుపులా అట్టకట్టి ఉంది. గుడ్డ సందుల్లోంచి పీల్చుకున్నదంతా అక్కడే పేరుకుంది. కుంచెకి రాలేదు. అత్త చేతిలోని దవడ కనపడింది. ఇమ్మని చెయ్యి చాపాను. “ఓలమ్మో, ఇది పత్తి దువ్వేది రా, నీ కంప్యూటరుకి తల దువ్వడానిక్కాదు!” అంటూనే, పళ్ళు విరిగిన పాతదొకటి తెచ్చి పడేసింది. ఆ రెక్కల దిమ్మెని, హీట్‌సింక్‌ని విప్పి, బయటకి తెచ్చి రెక్కల సందుల్లో దువ్వితే, పత్తి మొత్తం పీచుమిఠాయిలా ఊడి వచ్చింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, వడ్లగింజంత కొత్తది పెట్టి బిగించాను. యంత్రాన్ని లోపలి గదిలోకి మార్చి, నాలుగు ఇటుకల మీద నిలబెట్టాం.

గౌరి ఆన్ చేసి ఒక పెళ్ళికార్డు తెరిచింది. పక్కనే టెర్మినల్ తెరిచి అందులో వేడి అంకె చూస్తూ కూర్చున్నాను. నలభై అయిదు. యాభై. యాభై రెండు దగ్గర ఆగింది. గంట గడిచింది. అత్త గడపలో నిలబడి చూస్తూనే ఉంది.

నాలుక్కి శ్రీకాకుళం షాపాయన ఆటోతో వచ్చాడు. నడుస్తున్న తెర చూసి ఒక్క క్షణం తగ్గాడు, మళ్ళీ పుంజుకున్నాడు. “ఉచితంగా వచ్చింది కదమ్మా, ఇయాల నడుస్తాది, రేపు ఆగిపోతాది. అప్పుడు నా దగ్గరికే రావాలి.” నేను నోరు తెరిచాను. వారం రోజులకి సరిపడా ఉపన్యాసం ఉంది లోపల. అత్త నాకు అడ్డొచ్చింది. పొట్లం విప్పి, ఒక కమ్మ చెవికి పెట్టుకుంటూ, “రేపు ఆగితే రేపు దువ్వుతాను. మూత ఇప్పకండా రోగం సెప్పినోడివి, నీ దగ్గరికెందుకయ్యా రావడం?” అంది. రెండో కమ్మ కూడా పెట్టుకుంది. ఆటో ఖాళీగా తిరిగెళ్ళింది.

సాయంత్రం పాసింజరుకి స్టేషన్లో కూర్చుని ఆలోచించాను. ఆ షాపాయన అబద్ధం ఎందుకు నిలబడింది? ఊరికే వచ్చినది నాసిరకమని మనమందరం ముందే ఒప్పుకున్నాం కాబట్టి. నేను ఒప్పుకోను. అలాగని కరపత్రం చదివి వినిపిస్తే అత్త ఒప్పుకునేది కాదు, గంటసేపు నడిచిన తెర చూసి ఒప్పుకుంది. ఆ తరవాత అత్త తొడుగు పారెయ్యలేదు, వెనకా పక్కలా కత్తిరించి మళ్ళీ కుట్టింది. కంప్యూటరు ఆపాకే కప్పుతోంది. నెలకోసారి దువ్వుతున్నామని గౌరి మొన్న ఫోన్లో చెప్పింది.

మీ కంప్యూటరు కూడా ఇలా దానంతటదే ఆరిపోతుంటే, ఎవరేమన్నా సరే, ఏదీ చెరపకండి, కొత్త సిస్టమ్ ఎక్కించకండి. ముందు బయాస్ తెర దగ్గర ఆపి అరగంట కూర్చోండి. అక్కడా ఆరిపోతే, స్క్రూడ్రైవర్ తీసుకుని మూత ఇప్పండి.